మేనత్త కొడుకుతో పెళ్ళి, ఇంట్లో థలసీమియా: లెక్క ఏం చెబుతుంది?

ప్రశ్న: నా వయసు 24, మాది పల్నాడు జిల్లా. మా మేనత్త కొడుకుతో పెళ్ళి అనుకుంటున్నారు. బావకి 29. మా ఇద్దరికీ ఇష్టమే. బావకి ఒక తమ్ముడు ఉండేవాడు, థలసీమియా మేజర్. నెలనెలా రక్తం ఎక్కించేవాళ్ళు, తొమ్మిదో ఏట పోయాడు. అందుకని మా అమ్మ ఈ సంబంధం వద్దంటోంది. నానమ్మేమో మన ఇంట్లో అన్నీ మేనరికాలే, మీ పెద్దత్త సొంత మేనమామనే చేసుకుంది, ముగ్గురు పిల్లలూ బంగారంలా ఉన్నారు అంటుంది. ఒకడికి వచ్చేసింది కాబట్టి ఇంక ఎవరికీ రాదని మామయ్య వాళ్ళ వైపు అంటున్నారు. నాది ఓ పాజిటివ్, బావది బీ పాజిటివ్, గ్రూపులు వేరు కాబట్టి పర్లేదని మా ఊరి ఆర్‌ఎంపీ చెప్పాడు. ఇంకో సంగతి, డిగ్రీలో ఉన్నప్పుడు క్యాంపులో నాకు హిమోగ్లోబిన్ 10.4 అన్నారు, ఐరన్ మాత్రలు వాడినా పెద్దగా పెరగలేదు. మా పిల్లలకి ఈ జబ్బు వచ్చే అవకాశం ఎంతో లెక్కగా చెప్పగలరా? పరీక్ష ముందు ఎవరు చేయించుకోవాలి?

సమాధానం: చెప్పగలను. మీరు రాసినదాన్ని బట్టి, పరీక్షలేవీ లేకుండా చెప్పాలంటే, మీ ఇద్దరికీ పుట్టే ఒక్కో బిడ్డకి థలసీమియా మేజర్ వచ్చే అవకాశం సుమారు 24లో 1. అంటే నాలుగు శాతం పైచిలుకు. మీ హిమోగ్లోబిన్ సంగతి కూడా కలుపుకుంటే 17లో 1 దాకా వెళ్తుంది. అయితే ఈ రెండు అంకెల్లో దేన్నీ పట్టుకుని పెళ్ళి చేసుకోవద్దు, మానుకోవద్దు కూడా. అవి మనకి తెలియనితనాన్ని కొలిచే అంకెలు, అంతే. రక్తపరీక్ష అయిన రోజున అది దాదాపు సున్నా అన్నా అవుతుంది, లేకపోతే 4లో 1 అన్నా అవుతుంది, మధ్యలో ఉండదు. అసలు నిర్ణయం ఆ రోజున తీసుకోవాలి. అయినా లెక్క ఎందుకు చెప్తున్నానంటే, మీ ఇంట్లో ఒక్కొక్కళ్ళు ఒక్కో మాట అంటున్నారు కదా, వాటిలో ఏది నిలబడుతుందో ఏది నిలబడదో ఈ లెక్క తెలిస్తే మీకే అర్థమవుతుంది, ఎవరితోనూ పోట్లాడక్కర్లేదు.

ముందు జబ్బు గురించి రెండు ముక్కలు. హిమోగ్లోబిన్‌లో బీటా గ్లోబిన్ అనే భాగాన్ని తయారుచేసే జన్యువు మన 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అందరికీ రెండు కాపీలు, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. ఒక కాపీలో మాత్రమే తేడా ఉంటే ఆ మనిషిని థలసీమియా మైనర్ అంటారు, క్యారియర్ అని కూడా అంటారు. వాళ్ళకి జబ్బు లేదు, మహా అయితే రక్తం కాస్త తక్కువగా ఉంటుంది, జీవితాంతం తెలియకుండానే గడిచిపోవచ్చు. రెండు కాపీల్లోనూ తేడా ఉంటేనే మేజర్. ఆ పిల్లలకి ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు బయటపడుతుంది, రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఎక్కించిన రక్తంతో పేరుకునే ఐరన్‌ని తీసెయ్యడానికి మందులు వాడుతూనే ఉండాలి. ఇవాళ మంచి వైద్యం అందితే పెద్దయి చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు ఉన్నారు, కాబట్టి ఆ జబ్బు పేరు వినగానే అంతా అయిపోయిందనుకోకూడదు. కానీ ఆ ఇల్లు పడే కష్టం ఎలాంటిదో మీ అత్తయ్యని అడిగితే చెప్తారు.

ఇక లెక్క. ఎనిమిదో తరగతిలో (ఎ + బి)² అని బట్టీ పట్టింది గుర్తుందా, కావలసిందల్లా అదే. మామూలు కాపీని ‘న’ అనుకుందాం, తేడా ఉన్న కాపీని ‘థ’ అనుకుందాం. క్యారియర్ అయినవాళ్ళ దగ్గర ఒక న, ఒక థ ఉంటాయి. బిడ్డకి ఏదో ఒకటే వెళ్తుంది, ఏది వెళ్ళాలన్నా సగం సగం అవకాశం. అంటే తల్లి వైపు (½న + ½థ), తండ్రి వైపు కూడా (½న + ½థ). ఈ రెండూ గుణిస్తే:

(½న + ½థ)² = ¼నన + ½నథ + ¼థథ

నాలుగో వంతు పూర్తిగా మామూలు, సగం క్యారియర్లు, నాలుగో వంతు మేజర్. బర్నో అనే ఊళ్ళో మఠంలో ఉండే గ్రెగర్ మెండెల్ 1860ల్లో బఠానీ మొక్కలు లెక్కపెట్టి పట్టుకున్నది ఇదే. ఆయన లెక్కలో నున్నటి గింజలు 5,474, ముడతలవి 1,850 వచ్చాయి, భాగించి చూడండి, మూడుకి ఒకటి దగ్గర్లో ఉంటుంది. 1866లో అచ్చయింది, 1900 దాకా దాని విలువ ఎవరూ గుర్తించలేదు.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. బావ తమ్ముడికి మేజర్ వచ్చింది అంటే అత్తయ్య, మామయ్య ఇద్దరూ క్యారియర్లే. ఇందులో అనుమానం దాదాపు లేదు. ఒక్క మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి ఇళ్ళలో నిందంతా తల్లి మీదికే వెళ్తుంది: థథ అనే ఫలితంలో ఒక థ తల్లిది, ఒక థ తండ్రిది. ఒక్కరి వల్ల ఈ జబ్బు రాదు. మీ అత్తయ్యని ఇన్నేళ్ళలో ఎవరైనా ఏమైనా అని ఉంటే ఈ సమీకరణం వాళ్ళకి చూపించండి.

బావ క్యారియర్ అయ్యే అవకాశం ఎంత? చాలామంది, లెక్క బాగా వచ్చినవాళ్ళు కూడా, సగం అని చెప్పేస్తారు. సగం కాదు. పైన నాలుగు వాటాలు ఉన్నాయి: ఒకటి నన, రెండు నథ, ఒకటి థథ. బావకి 29 ఏళ్ళు, ఆరోగ్యంగా ఉన్నాడు, కాబట్టి థథ కాదని మనకి ఖాయంగా తెలుసు. ఆ వాటా కొట్టేయాలి. మిగిలినవి మూడు, వాటిలో రెండు క్యారియర్‌వి. అందుకని 3లో 2. తెలిసిన విషయాన్ని లెక్కలోకి తీసుకుని మిగిలినవాటి మీదే భాగించడం, సంభావ్యతలో అన్నిటికంటే ముఖ్యమైన పని అదే.

మీ సంగతి వేరే దారిలో వస్తుంది. అత్తయ్య క్యారియర్ కదా, ఆ థ ఆవిడకి మీ తాతయ్య నుంచో నానమ్మ నుంచో వచ్చి ఉండాలి. ఎవరి నుంచి వచ్చినా, అదే మనిషి నుంచి మీ నాన్నగారికి కూడా వచ్చే అవకాశం సగం. నాన్న నుంచి మీకు రావడం మళ్ళీ సగం. ½ × ½ = ¼. మీ అమ్మగారి వైపు నుంచి కూడా రెండు శాతం లాంటి చిన్న అవకాశం ఉంటుంది, ఇప్పటికి దాన్ని పక్కన పెడదాం.

మొత్తం కలిపితే: బావ క్యారియర్ అవ్వాలి (⅔), మీరూ అవ్వాలి (¼), ఇద్దరి నుంచీ బిడ్డకి తేడా కాపీయే వెళ్ళాలి (¼). ⅔ × ¼ × ¼ = 1/24.

ఇది ఎక్కువా తక్కువా అని తెలియాలంటే పక్కన ఇంకో అంకె పెట్టి చూడాలి. మన దేశంలో సగటున నూటికి ముగ్గురు నలుగురు బీటా థలసీమియా క్యారియర్లు ఉంటారని అంచనా. నాలుగు అనుకుందాం, అంటే 25లో ఒకరు. బావ బయటి అమ్మాయిని చేసుకుంటే ⅔ × 1/25 × ¼, అంటే 150లో 1. మీరు బయటి అబ్బాయిని చేసుకుంటే ¼ × 1/25 × ¼, అంటే 400లో 1. ఏ చరిత్రా లేని ఇద్దరు చేసుకుంటే 2,500లో 1. మీ అమ్మగారి భయం ఉత్తి భయం కాదని దీన్నిబట్టే తెలుస్తోంది. అదే సమయంలో 24లో 1 అంటే 24లో 23 సార్లు ఈ జబ్బు రాదని కూడా. రెండూ నిజమే, అందుకే ఈ అంకె పట్టుకుని ఇద్దరు రెండు వైపులా లాగగలరు.

హిమోగ్లోబిన్ 10.4 అన్నారు. క్యారియర్లకి రక్తం కాస్త తక్కువ ఉండటం మామూలే, ఐరన్ మాత్రలకి పెరగకపోవడం కూడా చూస్తుంటాం. మరి మీరు క్యారియర్ అని తేలిపోయినట్టేనా? కాదు, ఎందుకంటే మన దేశంలో రక్తహీనత అంత మామూలు విషయం. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి ఉంది. ఇలా చూడండి. మీలాంటి ఇంటి చరిత్ర ఉన్న అమ్మాయిలు వంద మంది ఉన్నారనుకోండి. 25 మంది క్యారియర్లు, 75 మంది కాదు. ఆ 25 మందిలో 23 మందికి హిమోగ్లోబిన్ తక్కువ ఉందనుకుందాం (ఇది నేను వేసుకున్న అంచనా, కొంచెం అటూ ఇటూ అయినా ఫలితం పెద్దగా మారదు). 75 మందిలో 57 శాతం అంటే 43 మందికి తక్కువ. మొత్తం 66 మంది రక్తహీనత ఉన్నవాళ్ళలో క్యారియర్లు 23 మంది, అంటే 35 శాతం. మీ పావు వంతు కాస్తా మూడో వంతు దాటింది, అంతే తప్ప ఖాయం కాలేదు. అందరికీ ఉండే లక్షణం మనకీ ఉంటే దాని వల్ల తెలిసేది తక్కువే. ఈ 35 శాతాన్ని ¼ బదులు పెడితే ⅔ × 0.35 × ¼, సుమారు 17లో 1.

ఆ క్యాంపు రిపోర్టు గానీ, తర్వాత ఎప్పుడైనా చేయించిన సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టు గానీ ఇంట్లో ఉంటే వెతకండి. అందులో ఎంసీవీ (ఎర్రకణం సైజు) అని ఒక అంకె, ఆర్‌బీసీ (ఎర్రకణాల సంఖ్య) అని ఒక అంకె ఉంటాయి. ఎంసీవీని ఆర్‌బీసీతో (మిలియన్లలో ఉన్న అంకెతో) భాగించండి. ఉదాహరణకి ఎంసీవీ 66, ఆర్‌బీసీ 5.6 అయితే 11.8 వస్తుంది. 13 కంటే తక్కువ వస్తే థలసీమియా మైనర్ వైపు అనుమానం, ఎక్కువ వస్తే ఐరన్ లోపం వైపు. దీన్ని మెంట్జర్ ఇండెక్స్ అంటారు. ఐరన్ లోపంలో కణాలు చిన్నవీ తక్కువవీ అవుతాయి, థలసీమియా మైనర్‌లో చిన్నవి అవుతాయి కానీ సంఖ్య తగ్గదు, పైగా పెరుగుతుంది, అందుకే ఈ భాగహారం పనిచేస్తుంది. ఇది దారి చూపిస్తుందే తప్ప తీర్పు చెప్పదు.

ఇక ఇంట్లోవాళ్ళ మాటలు.

బ్లడ్ గ్రూపు మాట పూర్తిగా వదిలేయండి. ఏబీఓ గ్రూపుని నిర్ణయించే జన్యువు 9వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, థలసీమియాది 11వ దాని మీద. ఒకదానికీ ఒకదానికీ సంబంధం లేదు. గ్రూపులు వేరైనా మేజర్ బిడ్డ పుట్టొచ్చు, ఒకటే అయినా పుట్టకపోవచ్చు. ఈ మాట నమ్మి పరీక్ష మానేసిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఒకడికి వచ్చేసింది కాబట్టి ఇంక రాదు అనేది రెండు రకాలుగా తప్పు. మొదటిది, వచ్చింది బావ తమ్ముడికి, మీ పిల్లల లెక్క వేరు. రెండోది, క్యారియర్ దంపతులకి కూడా ప్రతి కాన్పు కొత్త లెక్కే. ఇద్దరు ఆడపిల్లలు పుట్టాక మూడోసారి మగపిల్లాడే అని నమ్మి మళ్ళీ ఆడపిల్ల పుట్టిన ఇళ్ళు మనందరికీ తెలుసు కదా, ఇదీ అంతే. నలుగురిలో ఒకరికి అంటే వరసగా ముగ్గురికి మినహాయింపు అని కాదు. ఇద్దరు పిల్లలూ బాగుండే అవకాశం ¾ × ¾ = 9/16, కనీసం ఒకరికైనా వచ్చే అవకాశం మిగిలిన 7/16. దాదాపు 44 శాతం. ముగ్గురు పిల్లలైతే ముగ్గురూ తప్పించుకునే అవకాశం 27/64, సగం కంటే తక్కువ. ఒక్కో కాన్పుకి 25 శాతమే కదా అనిపించేది ఇద్దరు ముగ్గురు పిల్లల దగ్గరికొచ్చేసరికి ఎంతైందో చూడండి.

ఇంకో బిడ్డని కంటే ఆ బిడ్డ మూలుగతో పెద్దవాడికి నయం చేయొచ్చు అని కొందరు అనుకుంటారు, మీ ఇంట్లో ఆ మాట రాలేదు గానీ లెక్క అడిగారు కాబట్టి చెప్తున్నాను. తోబుట్టువుల మూలుగ పూర్తిగా సరిపోయే అవకాశం 4లో 1. ఆ బిడ్డకి మేజర్ లేకుండా ఉండే అవకాశం 4లో 3. మూలుగ సరిపోవడాన్ని నిర్ణయించే జన్యువులు 6వ క్రోమోజోమ్ మీద ఉంటాయి, అంటే 11వ దానితో ముడిపడి లేవు, కాబట్టి రెండూ గుణించొచ్చు: 3/16. ఐదింట ఒకటి కూడా లేదు.

నానమ్మగారి మాట మిగతావాటిలా తేలిగ్గా కొట్టేసేది కాదు. ఆవిడ చూసింది అబద్ధం కాదు. పెద్దత్త పిల్లలు ముగ్గురూ బాగున్నారు, నిజమే. మేనరికంలో పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు, అదీ నిజమే. మామూలుగా ఏ జంటకైనా పుట్టుకతో వచ్చే తీవ్రమైన సమస్య ఉండే అవకాశం నూటికి 2, 3 ఉంటుంది, మేనత్త మేనమామ పిల్లల మధ్య పెళ్ళి అయితే అది 4 నుంచి 6 దాకా వెళ్తుందని వైద్యులు చెప్తారు. అంటే నూటికి 94 మంది పైనే బాగుంటారు, ఒక ఇంట్లో ముగ్గురో నలుగురో బాగుండటం వింతేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు నాలుగో వంతు మంది దగ్గర బంధువునే చేసుకున్నారని అదే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 చెప్తోంది, ఇంతమంది ఇళ్ళలో ఈ మాట వినిపించడం సహజం.

అయితే ఆవిడకి కనిపించనిది ఒకటి ఉంది, దానికి మళ్ళీ (న + థ)² దగ్గరికే వెళ్ళాలి. ఈసారి న, థ అంటే ఒక మనిషి దగ్గరున్న కాపీలు కాదు, మొత్తం జనంలో ఆ కాపీల వాటాలు. రెండూ కలిపితే 1. జనం చుట్టరికం చూసుకోకుండా పెళ్ళిళ్ళు చేసుకుంటే న² మంది మామూలు, 2నథ మంది క్యారియర్లు, థ² మందికి జబ్బు. ఇది 1908లో కేంబ్రిడ్జి గణితజ్ఞుడు హార్డీ ఒక చిన్న ఉత్తరంగా రాసి పంపాడు, అదే ఏడాది జర్మనీలో వైన్‌బెర్గ్ అనే డాక్టర్ కూడా విడిగా కనిపెట్టాడు. ఆ హార్డీ ఎవరో కాదు, అయిదేళ్ళ తర్వాత మద్రాసు నుంచి రామానుజన్ ఉత్తరం అందుకున్నాయనే. క్యారియర్లు 4 శాతం అంటే 2నథ = 0.04, దాన్నుంచి థ సుమారు 0.02, థ² = 0.0004. ఇందాక వచ్చిన 2,500లో 1 ఇదే.

దగ్గర చుట్టాలు చేసుకుంటే ఇంకో ముక్క కలుస్తుంది. మీ తాతయ్య, నానమ్మ ఇద్దరి దగ్గరా కలిపి ఈ జన్యువు కాపీలు నాలుగు. వాటిలో ఏదో ఒకటి తీసుకోండి. అది మీ నాన్న దగ్గరికి సగం, మీ దగ్గరికి సగం, మీ బిడ్డ దగ్గరికి సగం, అంటే 1/8. అత్తయ్య, బావ, బిడ్డ దారిలో కూడా 1/8. రెండు దారుల్లోనూ అదే కాపీ వచ్చి బిడ్డలో కలుసుకోవాలంటే 1/64. కాపీలు నాలుగు కాబట్టి 4/64, అంటే 1/16. మేనమామని చేసుకుంటే ఒక మెట్టు తగ్గుతుంది, అది 1/8 అవుతుంది. ఈ భిన్నంతో జబ్బు వచ్చే అవకాశం థ² + (1/16)నథ అవుతుంది. థ 0.02 అయితే 0.0004కి 0.0012 కలిసి 0.0016, నాలుగు రెట్లు. ఇప్పుడు ఇంకా అరుదైన జబ్బు తీసుకోండి, థ 0.001 అనుకోండి. చుట్టరికం లేకపోతే పది లక్షల్లో 1. మేనరికంలో పది లక్షల్లో 63. నాలుగు రెట్లు కాదు, అరవై మూడు రెట్లు! జబ్బు ఎంత అరుదైతే మేనరికం దాన్ని అంత ఎక్కువ రెట్లు చేస్తుంది. అలాంటి జబ్బులు కొన్ని వేలు ఉన్నాయి, ఒక్కోటీ ఏ ఇంట్లోనూ పెద్దగా కనిపించదు, ఏ నానమ్మా చూసి ఉండదు, కానీ అన్నీ కలిపితే ఆ నూటికి రెండు మూడు అదనంగా వస్తాయి.

ఇక్కడే ఇంకో మెలిక. సొంత కులంలోనే, చుట్టరికం లేని ఇంట్లో చేసుకున్నంత మాత్రాన చుట్టరికం పూర్తిగా పోదు. వందల ఏళ్ళుగా లోపల్లోపలే పెళ్ళిళ్ళు జరిగిన సమూహాల్లో కొన్ని తేడా కాపీలు మిగతా జనం కంటే చాలా ఎక్కువగా ఉండిపోతాయి. 2017లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ వాళ్ళు కలిసి చేసిన పరిశోధనలో ఈ విషయం బాగా వచ్చింది. మన వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌లో మత్తుతోపాటు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక రకం మందు ప్రభావం త్వరగా దిగకపోవడం అందులో వాళ్ళు చెప్పిన ఉదాహరణే. కాబట్టి నేను వాడిన 25లో 1 అనే అంకె అన్ని చోట్లా ఒకేలా ఉండదు. బావని కాదని బయటి సంబంధం చేసుకున్నా ఆ అబ్బాయికి కూడా పరీక్ష చేయించాల్సిందే, ఎందుకంటే మీరు క్యారియర్ అయితే ఆ ప్రశ్న మీతోపాటే వస్తుంది.

మీ ఆఖరి ప్రశ్న: ముందు ఎవరు? మీరే. బావ కాదు. ఎందుకంటే బావ క్యారియర్ కాకపోయే అవకాశం మూడింట ఒకటే, మీరు కాకపోయే అవకాశం అంతకంటే ఎక్కువ, హిమోగ్లోబిన్ సంగతి కలుపుకున్నా మూడింట రెండు వంతులకి దగ్గర. మీది మామూలుగా వస్తే థలసీమియా మేజర్ భయం అక్కడితో తీరిపోతుంది, బావది ఏం వచ్చినా సరే. పరీక్ష పేరు హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ, కొన్ని ల్యాబుల్లో దాని బదులు ఎలెక్ట్రోఫోరెసిస్ అనే పద్ధతిలో చేస్తారు. మామూలుగా చేతి నుంచి తీసే రక్తమే. దానితోపాటే సీబీసీ, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపే పరీక్ష) కూడా చేయించండి. ఫెరిటిన్ ఎందుకంటే, ఒంట్లో ఐరన్ బాగా తక్కువగా ఉంటే క్యారియర్‌లో కూడా హెచ్‌బీఏ2 (క్యారియర్లలో పెరిగే ఒక రకం హిమోగ్లోబిన్) అంకె కిందికి దిగి మామూలుగా కనిపించవచ్చు. ఐరన్ తక్కువ ఉంటే మందులు వాడి, సరిపడాక మళ్ళీ చేయించాలి. ఈ మధ్య ఎప్పుడైనా రక్తం ఎక్కించుకుని ఉంటే అది కూడా ఫలితాన్ని తప్పుదారి పట్టిస్తుంది, ల్యాబువాళ్ళకి చెప్పాలి. హెచ్‌బీఏ2 3.5 శాతం దాటితే సాధారణంగా థలసీమియా మైనర్ అంటారు. సికిల్ సెల్, హెచ్‌బీ-ఇ లాంటి వేరే తేడాలు ఉంటే అవీ ఇదే పరీక్షలో కనబడతాయి, అవి కూడా ముఖ్యమే, ఎందుకంటే ఒకరికి థలసీమియా మైనర్, ఇంకొకరికి సికిల్ సెల్ మైనర్ ఉన్నా బిడ్డకి తీవ్రమైన జబ్బు రావచ్చు. అంకె 3.5కి దగ్గర దగ్గరగా ఉండి తేలకపోతే డీఎన్‌ఏ పరీక్ష ఉంది, మీ ఇంట్లో తేడా ఏ రకమో అత్తయ్య, మామయ్యల రక్తంలో చూస్తే తెలుస్తుంది కాబట్టి అది మీకు కష్టం కాదు.

మీకు మైనర్ ఉందని వస్తే అప్పుడు బావకి. బావకి లేకపోతే మీ పిల్లల్లో సగం అవకాశంతో క్యారియర్లు ఉంటారు, మేజర్ రాదు, ఈ కారణంతో పెళ్ళి ఆపక్కర్లేదు. ఇద్దరికీ ఉందని వస్తే 4లో 1. అప్పుడు కూడా దారులు మూసుకుపోవు. గర్భం వచ్చిన 11 వారాల ప్రాంతంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి, లేదా 16 వారాల ప్రాంతంలో ఉమ్మనీరు తీసి, బిడ్డకి మేజర్ ఉందో లేదో డీఎన్‌ఏతో చూస్తారు. ఐవీఎఫ్ చేసి పిండాన్ని ముందే పరీక్షించే పద్ధతి కూడా ఉంది, ఖర్చు ఎక్కువ. దేనికైనా మీ ఇద్దరి తేడా ఏ రకమో గర్భం రాకముందే తెలిసి ఉండాలి, గర్భం వచ్చాక పరుగులు పెడితే వారాలు చేజారిపోతాయి. ఫలితం మేజర్ అని వస్తే ఏం చేయాలన్నది చాలా కష్టమైన నిర్ణయం, ఆ కష్టం మోయగలమా లేదా అని మీరు, బావ పెళ్ళికి ముందే కూర్చుని మాట్లాడుకోవాలి, పెద్దవాళ్ళు లేకుండా. ఆ మాట వద్దనుకుని ఇద్దరూ ఇష్టంగానే వేరే సంబంధాలు చూసుకున్నా అందులో తప్పేమీ లేదు. సైప్రస్ దీవిలో ఏడుగురిలో ఒకరు దాకా క్యారియర్లే, 1970ల నుంచి పెళ్ళికి ముందు పరీక్షలు మొదలుపెట్టి మేజర్ పిల్లలు పుట్టడాన్ని దాదాపు ఆపగలిగారు, అక్కడ ఇద్దరూ క్యారియర్లని తెలిసినా చాలామంది జంటలు పెళ్ళి మానుకోలేదు, గర్భంలో పరీక్ష చేయించుకున్నారు.

రిపోర్టు చూసి మాట్లాడాల్సింది జెనెటిక్స్ డాక్టర్‌తో, ఊళ్ళో ఎవరితోనూ కాదు. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది, సీడీఎఫ్‌డీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో డీఎన్‌ఏ పరీక్షలు చేస్తారు. బావ తమ్ముడి పాత ఆసుపత్రి కాగితాలు అత్తయ్య దాచి ఉంటే అడిగి తీసుకెళ్ళండి, అడగడం కష్టమే, కానీ ఆ కాగితాల్లో హెచ్‌పీఎల్‌సీ గానీ జన్యు పరీక్ష గానీ ఉంటే డాక్టర్ పని సగం అయిపోతుంది. ఇంట్లో పెళ్ళికాని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, మీ పెద్దత్త పిల్లలు కూడా ఈ పరీక్ష చేయించుకోవాలి. పెద్దత్త కూడా మీ తాతయ్య, నానమ్మల కూతురే, కాబట్టి ఆ థ ఆవిడకి వచ్చే అవకాశం సగం. నానమ్మ తమ్ముడిని చేసుకున్నారు కాబట్టి ఆ పిల్లలకి ఇంకో దారిలో కూడా రావచ్చు. బంగారంలా ఉన్న ఆ ముగ్గురిలో ఎవరైనా క్యారియర్ అయినా పైకి ఏమీ కనిపించదు, వాళ్ళ పెళ్ళిళ్ళప్పుడు మాత్రం తెలిసి ఉండాలి.

మీ రిపోర్టు వచ్చాక హెచ్‌బీఏ2, ఎంసీవీ, ఆర్‌బీసీ, ఫెరిటిన్, ఈ నాలుగు అంకెలూ రాసి పంపండి, లెక్క మళ్ళీ వేద్దాం.